రెండో ఇంట్లో రెండు కాయలు

కువైట్ నుంచి వచ్చేవాళ్ళు బంగారం తెస్తారని లింగరాజపురంలో మా వీధి వీధంతటికీ గట్టి నమ్మకం. మా అమ్మ చెక్కపెట్టె తెచ్చింది. తెరిస్తే రెండు పలకలుగా విచ్చుకునే పెట్టె. లోపల సూదిమొనల ముక్కోణాలు, గుండ్రటి కాయలు, రెండు చిన్న పాచికలు. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు కాఫీ తాగి, మొహమొహాలు చూసుకుని వెళ్ళిపోయారు.

"బంగారమైతే దారిలో లాక్కునేవాళ్ళు. దీన్ని ఎవరూ అడగలేదు" అంది అమ్మ.

ఆమె అక్కడొక ఆసుపత్రిలో నర్సు. నాకు నాలుగేళ్ళప్పుడు వెళ్ళింది. మధ్యలో రెండుసార్లు సెలవు మీద వచ్చి, నాకు కొత్త గౌన్లు తొడిగి, స్టూడియోలో ఫోటో తీయించి, మళ్ళీ వెళ్ళిపోయింది. తొంభైలో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగాక అందరితోపాటు బస్సుల్లో పడి, ఎడారిలో శిబిరాల్లో పడి, చివరికి విమానమెక్కి అక్టోబరులో మా గుమ్మం ముందు నిలబడింది. చేతిసంచిలో రెండు జతల బట్టలు, బైబిలు, ఆ పెట్టె.

నన్ను పెంచింది మా దొడ్డమ్మ. నాన్నకు అన్న భార్య. పెదనాన్న పోయాక మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమెకు పిల్లల్లేరు. నాకు జడ వేసేదీ, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేదీ, స్కూల్లో కాగితాల మీద సంతకం పెట్టేదీ ఆమే. చర్చిలో సండే స్కూలు కూడా ఆమెదే. అబద్ధమంటే ఆమెకు పాముతో సమానం. నాకు పన్నెండేళ్ళు నిండిన మర్నాడే, కండక్టరు అడక్కపోయినా, నాకు బస్సులో ఫుల్ టికెట్ కొన్న మనిషి.

అమ్మ వచ్చాక ఆరు నెలలు నేను ఆమెను ఏమీ పిలవలేదు. "ఇదిగో" అనేదాన్ని. "బ్లెస్సీ, అమ్మా అను" అని దొడ్డమ్మ గదిమేది. నేను గోడకేసి చూసేదాన్ని. మొండితనంలో నన్ను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు.

ఇక ఆ వేసవి సంగతి. తొంభై ఒకటి ఏప్రిల్లో కువైట్ నుంచి ఉత్తరం వచ్చింది. ఆసుపత్రి మళ్ళీ తెరుస్తున్నాం, పాతవాళ్ళు రావచ్చు, మే నెలాఖరులోగా టెలిగ్రాం ఇవ్వండి అని. మా నాన్న దేవదానం పీణ్యలో లేత్ మిషను మీద పని చేసేవాడు. ఉత్తరం రెండుసార్లు చదివి రేడియో కింద పెట్టాడు.

"నీ ఇష్టం హన్నా" అన్నాడు. ఏ సంగతికైనా నాన్న చెప్పే మాట అదే.

"పోతే పో, ఉంటే ఉండు" అంది దొడ్డమ్మ. "బిడ్డను మాత్రం నడిమధ్య ఊగులాడించొద్దు."

మర్నాడు మధ్యాహ్నం అమ్మ హాల్లో చాప పరిచి ఆ పెట్టె తెరిచింది. సెలవులు. ఎండకు బయటికి పోయేందుకు లేదు. నేను స్తంభానికి ఆనుకుని చూస్తున్నాను.

"నేర్పనా?" అంది.

"నేను గెలిస్తే ఏమిస్తావు?"

"ఏం కావాలి?"

"నేను గెలిస్తే నువ్వు కువైట్ పోవాల."

వంటింట్లో దొడ్డమ్మ చేటలో చెరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. దొడ్డమ్మను ఎవరో నా దగ్గర్నుంచి లాక్కుంటున్నారని అప్పటి నా భయం. అమ్మ కాయలు సర్దుతూనే అడిగింది.

"ఎన్ని ఆటలు గెలిస్తే?"

"ఒక్కటి చాలు."

"సరే. కాని రోజూ కూర్చోవాలి. దొంగాట ఆడకూడదు. నీ చేతిలో ఒక్క ఆట ఓడిపోయినా వెళ్ళిపోతాను."

అలా మొదలైంది. నేను అమ్మను పంపించేయడానికి ఆట నేర్చుకున్నాను.

"ఇవి ఇరవై నాలుగు ఇళ్ళు" అంది అమ్మ ముక్కోణాలు చూపించి. "నీవి నల్లవి పదిహేను, నావి తెల్లవి పదిహేను. నువ్వు ఇటు తిప్పుకుని రావాలి, నేను అటు. ఎదురెదురుగా నడుస్తాం. పాచికలు రెండు పడితే రెండు నడకలు. మూడు, ఐదు పడ్డాయనుకో, ఎనిమిది అని కలిపేయకు. మూడు వేరు, ఐదు వేరు. ఒకే కాయను రెండుసార్లు నడుపు, లేదా రెండు కాయల్ని నడుపు."

"రెండూ ఒకటే పడితే?"

"అది జంట. నాలుగుసార్లు నడవొచ్చు. ఇప్పుడు చూడు. ఈ ఇంట్లో నావి రెండున్నాయి. అంటే ఇది నాది, నువ్వు దిగకూడదు. ఒక్కటే ఉంటే దిగి కొట్టొచ్చు."

"కొడితే చచ్చిపోతాదా?"

"చావదు. ఈ నడిమి గట్టు మీద కూర్చుంటుంది. మళ్ళీ మొదటి నుంచి లోపలికి రావాలి. అది వచ్చేదాకా నా మిగతా కాయలేవీ కదలకూడదు."

"రానియ్యకుండా ఇండ్లన్నీ మూసేసుంటే?"

"ఖాళీ అయ్యేదాకా కూర్చోవాల్సిందే" అంది అమ్మ.

పదిహేను కాయలూ చివరి ఆరు ఇళ్ళలోకి చేరాక ఒక్కొక్కటే పండించుకుని బయటికి తీయాలట. ముందు ఎవరివి పండితే వాళ్ళది గెలుపు. ఇంకో రూలు. పడింది ఆడగలిగితే ఆడాల్సిందే, ఇష్టం లేదని మానకూడదు.

ఆ మొదటి రోజే నేను పాచికలు ఊపి విసిరితే ఒకటి ఎగిరి గడప దాటి దొడ్డమ్మ చేటలో పడింది. దొడ్డమ్మ చచ్చిన బొద్దింకను ఎత్తినట్టు కొంగుతో పట్టుకుని హాల్లోకి వచ్చింది.

"ఇంట్లో పాచికలేందప్పా? సిలువ కింద కూర్చోని ఆ సిపాయిలు ప్రభువు అంగీకి పందెమేసింది ఇట్లాంటివాటితోనే కదా?"

"పందెం కాదక్కా, ఉత్త ఆట" అంది అమ్మ, నా వైపు చూడకుండా. "ఇది చెల్లదులెండి. పాచిక పలక మీద చదునుగా నిలవాలి. కింద పడినా, కాయకు ఆనుకుని వాలినా లెక్క కాదు. రెండూ మళ్ళీ వేయాలి."

"నాకేల చెప్తాండావు నీ సిపాయిల రూల్సు?"

ఆ తర్వాత దొడ్డమ్మ రోజూ మధ్యాహ్నం వంటింటి గడప లోపల, మాకు వీపు పెట్టి కూర్చుని బియ్యం ఏరేది. మా ఇంట్లో ఆ వేసవిలో బియ్యంలో రాళ్ళు లేవు. అయినా ఏరేది. వారం తిరక్కముందే, నేను ఒక కాయను ఒంటరిగా వదిలేస్తే, గోడతో మాట్లాడుతున్నట్టు అంది: "ఒంటిదాన్ని అట్ల బయట నిలబెడితే కొట్టకుండా ముద్దు పెట్టుకుంటారా?"

నేను రోజూ ఓడిపోయేదాన్ని. మూడు ఆటలు, నాలుగు ఆటలు, అన్నీ ఓటమే. దొడ్డమ్మతో గవ్వలాడితే నన్నే గెలిపించేది, చిన్నప్పట్నుంచి అంతే. అమ్మ మాత్రం ఒక్కసారీ జాలి చూపలేదు. ఏడుపొస్తున్నా సరే కొట్టేది. పెద్దవాళ్ళతో ఆడినట్టు ఆడేది. నిజం చెప్పాలంటే నాకు మొదట నచ్చింది అదే.

ఆరూ ఐదూ పడితే "షేష్ బేష్!" అని అరిచేది. అప్పుడు ఆమె మొహం స్టూడియో ఫోటోల్లో మొహంలా ఉండేది కాదు. అది ఎక్కడి మాటని అడిగితే, కాలు విరిగిన ఒక ముసలాయన వార్డులో ఈ ఆట ఆడితే గాని మాత్ర మింగేవాడు కాదని, ఆయన దగ్గరే నేర్చుకున్నానని చెప్పింది. ఆయన ఆసుపత్రి ఖాళీ చేసే రోజున పలక ఆమె చేతిలో పెట్టి పోయాడట.

మే మూడో వారంలో దేశంలో పెద్ద గొడవ జరిగి ఊళ్ళో షాపులు మూశారు. నాన్న కూడా పనికి పోకుండా ఇంట్లోనే ఉన్నాడు. మూడు రోజులూ చాప దగ్గర కూర్చుని చూశాడు. నల్లకాయ ఒకటి ఎడారిలో ఎక్కడో పోయిందట, దాని బదులు అమ్మ తన యూనిఫారం బొత్తాం వాడేది. ఫ్యాక్టరీ తెరిచిన రోజు సాయంత్రం నాన్న జేబులోంచి ఇత్తడి కాయ ఒకటి తీసి పలక మీద పెట్టాడు. లేత్ మీద తిప్పి తనే చేశాడు. సరిగ్గా మిగతావాటి మందమే.

"బొత్తాం బాగలేదు. జారిపోతాండాది" అన్నాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను అడిగాను.

"ఆ ఎడారిలో ఎన్ని దినాలుండావు?"

"తొమ్మిది."

"ఎవరితో ఆడేదానివి?"

"ఎవరుంటే వాళ్ళతో. ఎవరూ లేకపోతే రెండువైపులా నేనే. అవతలి వైపు నువ్వున్నావనుకుని ఆడేదాన్ని."

నేను కాయలు లెక్కపెడుతున్నట్టు నటించాను. తర్వాత ఉండబట్టలేక, "గెలిచినానా నేను?" అన్నాను.

"చాలాసార్లు" అంది అమ్మ.

అప్పట్నుంచి నాకు గెలవాలని లేదు. గెలిస్తే ఆమె వెళ్ళిపోతుంది. కాని ఇంతలో నాకు ఆట వచ్చేసింది, అదే వచ్చిన చిక్కు. అందుకని కావాలని కాయల్ని ఒంటరిగా వదలడం మొదలుపెట్టాను. రెండో రోజుకే అమ్మ పలక మూసేసింది.

"ఓడిపోవాలని ఆడితే నాకు తెలియదా? అదీ దొంగాటే. సరిగ్గా ఆడు, లేకపోతే లేచిపో."

ఉండిపో అని ఒక్క మాట నోటితో అంటే సరిపోయేది. నాకు నోరు రాలేదు. పందెం వేసింది నేను, వెనక్కి తీసుకోవడం నామోషీ. నా మాట కోసమే ఆమె ఎదురుచూస్తోందని కూడా నాకు తెలుసు. పెరట్లో బట్టలు ఆరేస్తూ దొడ్డమ్మతో అంటుంటే విన్నాను.

"అది ఉండమంటే ఉంటానక్కా. దానికి అక్కర్లేకపోతే ఉండి నేనేం చెయ్యను? నేను చెయ్యాల్సినవన్నీ మీరు చేసేశారు. అక్కడ కనీసం నా కోసం ఉత్తరం రాశారు."

"పన్నెండేండ్ల పిల్ల పందెం పట్టుకోని వేలాడతాండావే, నీకు బుద్ధి ఉండాదా?"

"మాటిచ్చాను కదక్కా. మాట తప్పే అమ్మని అది ఇంకేం నమ్ముతుంది?"

దొడ్డమ్మ తడిచీర కొస పట్టుకుని చాలాసేపు పిండుతూ నిలబడింది.

మే ముప్ఫై ఒకటి శుక్రవారం. నాన్న ఒంటిపూట సెలవు పెట్టి మూడింటికి వస్తానన్నాడు. టెలిగ్రాం ఇవ్వాలన్నా మానాలన్నా ఆ సాయంత్రమే ఆఖరు. పదకొండు గంటలకు అమ్మ చాప పరిచింది.

"ఒక్క ఆట" అంది.

ఆ ఆట నాకు నడక నడకా గుర్తుంది. నేను సరిగ్గానే ఆడాను. సరిగ్గా ఆడుతూ ఓడిపోవాలని మనసులో వేడుకున్నాను. పాచికలకు నా మనసు పట్టలేదు. అడిగినవి అడిగినట్టు పడ్డాయి. అమ్మ కాయ ఒకటి కొట్టాను, అది గట్టు మీద నాలుగు వంతులు కూర్చుంది. అయినా ఆమె ఆఖర్లో వరసగా రెండు జంటలు వేసి దగ్గరికి వచ్చేసింది. చివరికి ఆమెవి రెండు కాయలు, బయటికి ఒక్క అడుగు దూరంలో ఉండే మొదటి ఇంట్లో మిగిలాయి. తర్వాతి వంతులో ఆమెకు ఏది పడినా గెలుపే.

నావి రెండు కాయలు రెండో ఇంట్లో ఉన్నాయి. ఒకటి నల్లది, ఒకటి నాన్న చేసిన ఇత్తడిది. వంతు నాది. రెండు పాచికల్లో ఏదో ఒకదాని మీద ఒకటి అంకె పడితే ఒక కాయ నాకు మిగిలిపోతుంది, అమ్మ గెలుస్తుంది. రెండూ ఒకట్లే పడకూడదు, అంతే; అది జంట, నాలుగు నడకల్లో రెండూ పండిపోతాయి. ఒకటి లేకుండా ఏది పడినా నా కాయలు రెండూ పండిపోతాయి.

నేను కళ్ళు మూసుకుని, ప్రభువా ఒకటి, ఒక్కటి ఒకటి అనుకుంటూ వేశాను.

ఆరు, ఐదు. రెండూ పలక నడిమధ్య చదునుగా కూర్చున్నాయి. ఆ రోజు అమ్మ షేష్ బేష్ అని అరవలేదు.

"పడింది ఆడాలి" అంది నెమ్మదిగా.

నా చెయ్యి లేవలేదు. అమ్మ తల వంచుకుని కూర్చుంది. రేడియో కింద ఉత్తరం ఫ్యాను గాలికి అంచు లేచి పడుతోంది. వంటింట్లో బియ్యం చప్పుడు లేదు. దొడ్డమ్మ ఎప్పుడు లేచిందో, చేట చంకన పెట్టుకుని మా పక్కకు వచ్చి నిలబడింది. వంగి పలకను చూసింది.

"అది వాలి ఉండాది" అంది.

"ఏదక్కా?"

"ఆ ఐదు. కాయకు ఆనుకోని వాలి ఉండాది. చెల్లదు. రెండూ మళ్ళీ ఎయ్యాల."

దగ్గర్లో ఉన్న కాయ దానికి జానెడు దూరంలో ఉంది. నాకు కనిపిస్తోంది, అమ్మకు కనిపిస్తోంది. దొడ్డమ్మ చూపు కూడా బాగానే ఉండేది, సూదిలో దారం తనే ఎక్కించుకునేది. అమ్మ వెళ్ళిపోతే నేను పూర్తిగా దొడ్డమ్మదాన్నే. ఎనిమిదేళ్ళు సాకింది. ఆమెకు ఈ లోకంలో ఉన్నది నేనొక్కదాన్నే. ఆ ఐదును ఐదుగా ఉండనిస్తే చాలు, నేను ఆమెకు మిగిలిపోయేదాన్ని.

అమ్మ పాచికల వైపు చూడలేదు, దొడ్డమ్మ మొహంలోకి చూసింది.

"అవునక్కా. వాలింది" అంది. పాచికలు రెండూ ఏరి నా అరచేతిలో పెట్టింది.

మళ్ళీ వేశాను. నాలుగు, ఒకటి.

నాలుగుకు ఒక కాయ పండింది. ఒకటికి ఇత్తడి కాయ రెండో ఇంటి నుంచి మొదటి ఇంట్లోకి జరిగి ఆగిపోయింది. తర్వాత అమ్మకు ఏం పడిందో నాకు తెలియదు. కళ్ళ నిండా నీళ్ళు, పలక అలుక్కుపోయినట్టయింది. ఆమె తన కాయలు రెండూ తీసేసుకుని, "నువ్వు ఓడిపోయావు" అని చెప్పేసరికి నేను ఆమె ఒళ్ళో పడి ఉన్నాను. అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఓడిపోలేదు.

దొడ్డమ్మ అప్పటికే పెరట్లోకి వెళ్ళిపోయి, ఒకసారి కడిగిన బియ్యాన్ని మళ్ళీ కడుగుతోంది.

నాన్న మూడింటికి వచ్చాడు. "టెలిగ్రాం అక్కర్లేదు, ఇక్కడే ఏదైనా నర్సింగ్ హోమ్‌లో చూసుకుంటాను" అంది అమ్మ. "నీ ఇష్టం హన్నా" అన్నాడు నాన్న. అని, గడప మీద కూర్చుని బూట్లు విప్పడానికి పావుగంట చేశాడు.

రెండు రోజులకు ఆదివారం, జూన్ నెల మొదటిది. మా చర్చిలో మొదటి ఆదివారం ప్రభు బల్ల ఇస్తారు. రొట్టె, ద్రాక్షారసం. పెద్దవాళ్ళు వరసగా లేచి ముందుకు వెళ్ళి మోకరిస్తారు. మనసులో ఒప్పుకోని తప్పు పెట్టుకుని అక్కడికి పోకూడదని సండే స్కూల్లో మాకు నేర్పింది దొడ్డమ్మే. నాకింకా ఆ వయసు రాలేదు కాబట్టి, ఆ వేళకు మా బెంచీ మీద ప్రతి నెలా నేనొక్కదాన్నే మిగిలేదాన్ని.

మా వరస లేచింది. నాన్న వెళ్ళాడు, అమ్మ వెళ్ళింది. దొడ్డమ్మ కదల్లేదు. ముసుగు నుదుటి మీదికి లాక్కుని నేల చూస్తూ కూర్చుంది. వెనక బెంచీ ఆడవాళ్ళు గుసగుసలాడారు. ఇరవై ఏళ్ళలో ఆమె బల్ల మానిన నెల లేదు.

"నువ్వు పోలేదేం?" అన్నాను చెవిలో.

"నిన్నంతా మోకాళ్ళ మీదే ఉండినా బిడ్డా" అంది దొడ్డమ్మ. "అబద్ధమాడినానని ఒప్పుకున్నా. ఇంకెప్పుడూ అట్ల చెయ్యనని కూడా చెప్పాల. అది నా నోట రాలేదు. అది రాకుండా ఆడికి ఎట్ల పోయేది?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. సబ్బు, బియ్యం కడుగు వాసన.

అప్పుడు ముందు వరసలో ఏదో కదిలింది. మోకరించబోతున్న అమ్మ వెనక్కి తిరిగి చూసి, మా బెంచీని చూసింది. అందరూ చూస్తుండగానే ఎదురొచ్చేవాళ్ళను తప్పించుకుంటూ నడవాలో వెనక్కి నడిచి వచ్చి, నాకు ఇవతల పక్క కూర్చుంది.

"నువ్వేల వచ్చినావు? పో హన్నా, పోయి తీసుకో" అంది దొడ్డమ్మ తలెత్తకుండానే.

"వాలిందని నేనూ అన్నాను కదక్కా."

ముందు పాట మొదలైంది. దొడ్డమ్మ మరి పొమ్మనలేదు. మా బెంచీ పొడుగ్గా ఖాళీగానే ఉంది. అయినా వాళ్ళిద్దరూ నన్ను నడుమ పెట్టుకుని ఎంత దగ్గరగా జరిగి కూర్చున్నారంటే, పాట అయిపోయేదాకా నేను చేతులు కదపలేకపోయాను.